నాలుగో గడి

వసుమతి ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే ఆమె భర్త జితేందర్ "స్టేట్ హాస్పిటల్‌లో నర్సు" అని చెప్పేవాడు. అందులో అబద్ధం లేదు. ఆసుపత్రి ఉంది, అది రాష్ట్ర ప్రభుత్వానిదే. దాని చుట్టూ రెండు వరసల ముళ్లకంచె ఉన్న సంగతి మాత్రం మోరిస్‌విల్‌లో నలుగురూ కలిసే భోజనాల దగ్గర తెలియనక్కర్లేదని అతని ఉద్దేశం. పుట్టినరోజు పార్టీల్లో మగవాళ్లు వీసాల గురించీ ఆడవాళ్లు పిల్లల కాలేజీల గురించీ మాట్లాడుకుంటుంటే, వసుమతి పులిహోర గిన్నె పక్కన చేరి వచ్చినవాళ్లకు వడ్డించేది. పదకొండేళ్లుగా పైన్ క్రీక్ మహిళా జైల్లో, మందులిచ్చే కిటికీ దగ్గర నిలబడీ నిలబడీ ఆమెకు కూర్చుని కబుర్లు చెప్పే అలవాటు పోయింది.

ఆమెది బాపట్ల దగ్గర పల్లె. గుంటూరులో నర్సింగు చదివి హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. అక్కడ కరీంనగర్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన మూడు వారాలు ఆమె వార్డులో ఉన్నాడు. ఇంటికి వెళ్లే రోజున, ఈ పిల్ల మా ఇంటికొస్తే నాకు మందుల రంది ఉండదని అందరి ముందూ అనేశాడు. ఆయన కొడుకే జితేందర్. పెళ్లయి అమెరికా వచ్చాక తొమ్మిదేళ్లపాటు ఆమె వీసా మీద పని చేసే వీలు లేకపోయింది. గ్రీన్ కార్డు చేతికొచ్చేసరికి నలభై దాటాయి. కూతురు తన్వి హోంవర్క్ చేసుకునే బల్ల మీదే కూర్చుని లైసెన్సు పరీక్షకు చదివి, పాసయింది. ఆసుపత్రులన్నీ ఇక్కడి అనుభవం ఉందా అని అడిగాయి. అడగనిది జైలు ఒక్కటే. అక్కడ నర్సులు నిలవరు.

ఆ కిటికీకి మందపాటి అద్దం, దాని కింద అరచెయ్యి పట్టేంత సందు. వరసలో వచ్చిన మనిషి కార్డు చూపించి నంబరు చెప్పాలి. కాగితపు కప్పులో ఇచ్చిన మాత్ర వేసుకుని, తన వెంట తెచ్చుకున్న నీళ్లు తాగి, నోరు తెరవాలి. నాలుక ఎత్తి చూపించాలి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. అలా రోజుకు నాలుగు వందల నోళ్లు చూసేది వసుమతి. మనుషులు ఆమెకు మొహాలతో కంటే నోళ్లతోనే ఎక్కువ గుర్తుండేవారు.

లొరేన్ పిట్‌మన్ నోట్లో కింది వరసలో రెండు పళ్లు లేవు. అరవయ్యొక్కేళ్ల మనిషి. జైలుకు వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఏం చేసి వచ్చిందో కంప్యూటర్లో చూడవచ్చు గాని వసుమతి ఎవరిదీ చూసేది కాదు. లొరేన్‌కు మూర్ఛ రోగం. రోజుకు రెండు మాత్రలు వేసుకుంటే మామూలుగా ఉంటుంది. ఆమె ఎప్పుడూ ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ కప్పుతో వచ్చేది, దాని అంచు ఒకచోట కరిగి వంకరపోయింది. వసుమతిని అందరిలాగే "మిస్ వీ" అని పిలిచేది.

ఒక క్రిస్మస్ రోజున వంటశాల వాళ్లు ఖైదీలకు తలా ఒక కమలాపండు ఇచ్చారు. సాయంత్రం మందుల వరసలో లొరేన్ తన పండును అద్దం కింద సందులోంచి లోపలికి తోసింది. పండగపూట కూడా పనిలో ఉన్నావు, తీసుకో, అంది. ఖైదీ నుంచి గుండుసూది కూడా తీసుకోకూడదని చేరిన మొదటి రోజే చెప్పారు. ఆ రూలు వసుమతికి నిద్రలో లేపి అడిగినా వచ్చు. కానీ పండగ నాడు ఒక పెద్దావిడ పండు చేతికిస్తే చెయ్యి వెనక్కి తీసుకోవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. రెండు చేతులతో అందుకుని, కళ్లకద్దుకుని, అన్నం సంచీలో పెట్టుకుంది. ఆ కళ్లకద్దుకోవడం పైన కెమెరాలో స్పష్టంగా పడింది. మర్నాడు సూపర్‌వైజర్ డయాన్ పిలిచి, రూలు మళ్లీ చదివానని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంది. ఒక కమలాపండుకి ఇంత కాగితమా అని డయానే నవ్వింది. కాగితం మాత్రం ఫైల్లోకి వెళ్లింది.

జనవరిలో కాపలావాళ్ల కొరత వచ్చింది. తొమ్మిదో తారీకు నుంచి సి బ్లాకు తలుపులు తెరవలేదు. ఖైదీలు కిటికీ దగ్గరికి రావడానికి లేదు. నర్సు లోపలికి వెళ్లాలంటే గార్డు తోడుండాలి, గార్డులు లేరు. వసుమతి మందుల బండి సర్దుకుని గేటు దగ్గర నిలబడి కంట్రోల్ రూముకు ఫోన్ చేసేది. చూస్తాం అనేవాళ్లు. గంట తర్వాత మళ్లీ చేస్తే మళ్లీ అదే మాట. ఇన్సులిన్ వాళ్ల వరకు ఎలాగో ఒక గార్డును పంపేవాళ్లు. మిగతా మందులు వెళ్లినవి వెళ్లినట్టే తిరిగొచ్చేవి.

డ్యూటీ దిగేముందు కంప్యూటర్లో ప్రతి పేరు ఎదుటా గడి నింపాలి. ఉన్నవి మూడే గడులు: ఇచ్చాం, నిరాకరించింది, రాలేదు. నింపిన పేరు ఆకుపచ్చగా మారుతుంది. నింపకపోతే ఎర్రగా మారి డయాన్ కంప్యూటర్లో కూడా ఎర్రగా కనిపిస్తుంది. "రాలేదు" అని నొక్కితే ఒక్కొక్క మనిషికీ రెండు పేజీల ఫారం రాయాలి. సి బ్లాకులో ఇన్సులిన్ వాళ్లు పోగా ముప్పై ఎనిమిది మంది. అందుకని "నిరాకరించింది" నొక్కడం ఎప్పటి నుంచో అక్కడి పద్ధతి. డయాన్ కూడా తాను నర్సుగా ఉన్నప్పుడు అదే నొక్కింది.

మొదటి రోజు వసుమతి చెయ్యి కాసేపు ఆగింది. గుంటూరులో చదివేటప్పుడు, ఇవ్వని మందు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి కారణం రాయాలని ట్యూటరమ్మ చెప్పేది. ఎర్ర సున్నా లేని చార్టు చూస్తే, మీ వార్డులో అందరూ దేవతలేనా అని వేళాకోళం చేసేది. ఇక్కడ ఎర్ర సిరా లేదు. కాళ్లు పీకుతున్నాయి. ఇంటికి నలభై నిమిషాల డ్రైవు. వసుమతి ముప్పై ఎనిమిది సార్లు నొక్కింది. రెండో రోజు చెయ్యి ఆగలేదు.

పదకొండో రోజు లొరేన్‌కు సి బ్లాకులో తన గదిలో మూర్ఛ వచ్చింది. పడటంలో ఇనుప కమోడు అంచు మొహానికి తగిలింది. బయటి ఆసుపత్రిలో మూడు వారాలుండి వచ్చింది. ఎడమ కన్ను పోయింది.

మార్చిలో లొరేన్ ఫిర్యాదు కాగితం పెట్టుకుంది. ఫిర్యాదు ఏ విభాగం మీదైతే మొదటి జవాబు ఆ విభాగమే రాయాలి. నీ ఇనీషియల్సే ఉన్నాయి కదా అని డయాన్ దాన్ని వసుమతికిచ్చింది. పెన్సిలుతో, ఒక కంటితో రాసిన అక్షరాలు గీతలు దాటిపోయాయి. అందులో తిట్లు లేవు, నష్టపరిహారం మాటా లేదు. "నేను మందు వద్దనలేదు. పదకొండు రోజులూ రెండు పూటలా కప్పులో నీళ్లు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. మా గదిలో అమ్మాయిని అడగండి" అని ఉంది.

వసుమతి దాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత అందరూ రాసే వాక్యమే రాసింది. రికార్డులు పరిశీలించాం, మందు నిరాకరించినట్టు నమోదై ఉంది. కింద వి.కె. అని పెట్టింది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తెచ్చింది.

అక్కడితో అయిపోయేదేమో. కానీ లొరేన్ తరఫున ఖైదీల హక్కుల సంస్థ వాళ్లు అనారోగ్యం కింద విడుదలకు దరఖాస్తు పెట్టారు. సముద్రం వైపు ఒక చిన్న ఊళ్లో ఆమె చెల్లెలుంది, తన ఇంట్లో పెట్టుకుంటానంది. విడుదల సంగతి తేల్చే పెరోల్ బోర్డు ముందు ఒక్కటే అడ్డం. లోపల ఉండగానే మందు వద్దన్న మనిషి బయటికెళ్లి వేసుకుంటుందని నమ్మకం ఏమిటి? పదకొండు రోజుల "నిరాకరించింది", దాని మీద వసుమతి రాసిన జవాబు, రెండూ కలిపి ఫైల్లో ఉన్నాయి. అవి అలాగే ఉంటే లొరేన్ జైల్లోనే ఉంటుంది. జూలైలో వసుమతికి నోటీసు వచ్చింది, వచ్చి సాక్ష్యం చెప్పమని.

ఆ నోటీసును ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద పెట్టింది. జితేందర్ రెండు రోజులు దాన్ని చూడనట్టే పాలు తీసుకున్నాడు. మూడో రోజు ఆగలేకపోయాడు. అతని కంపెనీ కిందటేడు మనుషుల్ని తీసేసినప్పుడు అతని ఉద్యోగమూ పోయింది. ఇప్పుడు కాంట్రాక్టు మీద పని. ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్స్ వసుమతి ఉద్యోగం మీదే నడుస్తోంది.

"నువ్వొక్కదానివే నొక్కినవా? అందరు నొక్కిర్రు కదనే," అన్నాడు.

"నొక్కారు. కానీ ఆవిడ కాగితానికి జవాబు నేనే రాశాను."

"రాస్తే? ఇప్పుడు వొయ్యి తప్పు నాదే అంటవా? లైసెన్స్ పోతది."

"పోవచ్చు."

"పోవచ్చంటది. చల్లగ చెప్తది, చారులో ఉప్పు తక్కువైందన్నట్టు." అతను పాల సీసా లోపల పెట్టి ఫ్రిజ్ తలుపు వేశాడు. కాసేపటికి అటు తిరిగే అన్నాడు: "మా బాపు ఉంటే నిన్నే మెచ్చుకునేటోడు. నాకు గదే కోపం."

విచారణ రోజున రాలీకి అతనే డ్రైవ్ చేశాడు. లోపలికి రానన్నాడు. కార్లో లాప్‌టాప్ పెట్టుకుని మీటింగులో కూర్చున్నాడు.

ప్రభుత్వం తరఫు లాయరు మర్యాదస్తుడు. వసుమతిని పక్కకు తీసుకెళ్లి, ఏమడిగినా, నాకు జ్ఞాపకం లేదు, రికార్డులో ఉన్నదే నిజం అంటే చాలన్నాడు. అందులో అబద్ధమేమీ ఉండదని కూడా అన్నాడు. వసుమతి తలూపింది. ఆయన ఫోను చూసుకుంటూ లోపలికి వెళ్లాక, మంచినీళ్ల దగ్గర నిలబడి ఉన్న పాతికేళ్ల అమ్మాయి వసుమతి దగ్గరికి వచ్చింది. ఆమె లొరేన్ లాయరు రష్మి. ఇక్కడ పుట్టిన పిల్లల తెలుగులో, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ మాట్లాడింది.

"మీ నేమ్ చూసి తెలుగు అనుకున్నా. కేస్ గురించి ఇక్కడ మాట్లాడకూడదు. ఒక్కటే... లోపల నేను మిమ్మల్ని ఆంటీ అనను. ఏమీ అనుకోవద్దు."

"అంటే ఏమైంది తల్లీ?"

"ఆంటీ అంటే నాకు క్వశ్చన్ అడగడం రాదు," అంది ఆ అమ్మాయి.

గది చిన్నది. బోర్డువాళ్లు ముగ్గురు. లొరేన్ జైలు నుంచే తెర మీద కనిపిస్తోంది. కెమెరా పక్కన ఎక్కడో చూస్తోంది. రష్మి ఇంగ్లీషు వేరే మనిషిదిలా ఉంది. తడుముకోవడం లేదు.

"జనవరి తొమ్మిది నుంచి పంతొమ్మిది దాకా మీరు సి బ్లాకులోకి వెళ్లారా, మిసెస్ కాసర్ల?"

"లేదు."

"మిస్ పిట్‌మన్ మీ కిటికీ దగ్గరికి వచ్చిందా?"

"రానివ్వలేదు."

"అయితే ఆమె మందు వద్దందని మీకెలా తెలిసింది?"

ప్రభుత్వ లాయరు ఆమె వైపు చూశాడు. రికార్డు అన్న మాట వసుమతి నాలుక మీదే ఉంది. మాట్లాడితే చాలు, అదే బయటికొస్తుంది. ఆమెకు కప్పు గుర్తొచ్చింది. అంచు కరిగిన కప్పు, దాన్లో నీళ్లు, తలుపు. రెండు పూటలా.

"తెలియదు," అంది. "ఆమె వద్దనలేదు. మేమే ఇవ్వలేదు. గడి నొక్కింది నేను. ఆ జవాబు రాసింది కూడా నేనే."

ఆ తర్వాత ప్రభుత్వ లాయరు మర్యాద తగ్గకుండానే కమలాపండు కాగితం పైకి తీశాడు. ఈ ఖైదీ దగ్గర మీరు ఒక వస్తువు తీసుకున్నారు కదా అన్నాడు. తీసుకున్నానంది. రూలు తెలుసా అంటే తెలుసంది. మరి ఎందుకు తీసుకున్నారన్నాడు. పండగ పూట పండు ఇస్తే మా ఇళ్లలో కాదనరని చెప్పింది. ఆ మాట ఇంగ్లీషులో మరీ చిన్నదైపోయి ఆమెకే వింతగా వినిపించింది.

"అంటే ఈమె మీద మీకు అభిమానం ఉంది."

"ఉంది," అంది వసుమతి. "ఉండి కూడా పదకొండు రోజులు ఆమె పేరు పక్కన అదే నొక్కాను. ఆమెకే కాదు. ఇంకా ముప్పై ఏడు మందికి."

బోర్డులో చివర కూర్చున్న ముసలాయన రాసుకోవడం ఆపి, ఆ ముప్పై ఏడు మంది పేర్లు ఎక్కడున్నాయని అడిగాడు.

జితేందర్ లాప్‌టాప్ మూసి కారు తీశాడు. దారిలో ఒక బంకు దగ్గర ఆపి రెండు టీలు తెచ్చాడు. చక్కెర వేయడం మర్చిపోయాడు. ఇద్దరూ అలాగే తాగేశారు.

ఉద్యోగం నుంచి తీసేస్తే మాట వస్తుందని తీయలేదు. మందుల గిడ్డంగిలోకి మార్చారు. అక్కడ కిటికీ లేదు, మనుషులు లేరు, అట్టపెట్టెలు. తోటి నర్సుల్లో ఇద్దరు ఆమెతో మాట్లాడటం మానేశారు, వాళ్ల ఇనీషియల్స్ కూడా బయటికొచ్చాయి మరి. రెండు నెలలకు ఆ ఇద్దరూ వేరే ఉద్యోగాలు చూసుకుని వెళ్లిపోయారు. కిటికీ దగ్గర నిలబడేవాళ్లు లేక డయాన్ వచ్చి, రేపటి నుంచి మళ్లీ నువ్వే, అంది. సారీ చెప్పలేదు. కాకపోతే కొత్త కుర్చీ ఒకటి వేయించింది. దాంట్లో కూర్చుంటే సందు అందదు.

నర్సుల లైసెన్సు బోర్డు వాళ్లు తప్పుడు రికార్డు రాసినందుకు ఆమెను మందలిస్తూ ఉత్తరం పంపారు. ఎనిమిది గంటల ఆన్‌లైన్ కోర్సు చేయమన్నారు. రికార్డులు నిజాయితీగా రాయడం ఎలా అన్నది దాని పేరు. ఒక ఆదివారం పొద్దుటి నుంచి అది చేసింది. పరీక్షలో నూటికి నూరు వచ్చాయి. వారాంతానికి ఇంటికొచ్చిన తన్వి ఆ సర్టిఫికెట్ ప్రింట్ చేసి ఫ్రిజ్ మీద, నోటీసు ఉన్న చోటే పెట్టింది. అది జోకో కాదో వసుమతికి తెలియలేదు. తీయలేదు.

పాత రికార్డు చెరపడం కుదరదట. లొరేన్ రికార్డులో ఆ పదకొండు రోజుల ఎదుటా ఒక్కొక్క గమనిక చేర్చారు, సిబ్బంది కొరత వల్ల మందు ఇవ్వలేదని. మిగతా ముప్పై ఏడు మందికీ చేర్చారు. ఆ పని అయ్యేసరికి నవంబరు వచ్చింది. విడుదలకు బోర్డు ఒప్పుకుంది. ఆ తర్వాత చెల్లెలి ఇల్లు తనిఖీ చేయాలన్నారు, కంటి డాక్టరు కాగితం కావాలన్నారు, ఆ డాక్టరు సెలవులో ఉన్నాడు. మళ్లీ జనవరి వచ్చింది. ఈలోగా రష్మి సంస్థ పట్టుబట్టినందుకు కంప్యూటర్లో నాలుగో గడి పెట్టారు. "అందించలేకపోయాం." నెలనెలా ఆ గడి లెక్క బయటి పర్యవేక్షకులకు వెళ్తుంది. ఎవరో ఒకరు చూస్తారని రష్మి చెప్పింది. ఎవరో వసుమతి అడగలేదు.

లొరేన్ వెళ్లే రోజు మంగళవారం. ఉదయం మందుల వరసలో మామూలుగానే వచ్చింది. ఎడమ రెప్ప మూసుకుపోయి ఉంది. చేతిలో ఆకుపచ్చ కప్పు. నంబరు చెప్పింది. మాత్ర వేసుకుంది. అద్దానికి కొంచెం దగ్గరగా వంగి, "ఈసారి నీకేమీ తేలేదు మిస్ వీ," అంది. "ఉన్న ఉద్యోగం ఉంచుకో."

వసుమతికి చాలా చెప్పాలనిపించింది. ఆ జవాబు రాసింది తానేనని లొరేన్‌కు తెలుసు. తెర మీద వింది. వెనక వరస పొడుగ్గా ఉంది.

"నోరు తెరువు," అంది.

లొరేన్ తెరిచింది. కింది వరసలో ఇప్పుడు నాలుగు పళ్లు లేవు. నాలుక ఎత్తింది. వసుమతి ఆమె పేరు ఎదుట "ఇచ్చాం" అని నొక్కింది. తల ఎత్తేసరికి కార్డు పట్టుకుని ఇంకో మనిషి నిలబడి ఉంది.

మధ్యాహ్నం సి బ్లాకు మళ్లీ మూసేశారు. గార్డులు లేరు. సాయంత్రం వసుమతి బండి సర్దుకుని గేటు దగ్గర నిలబడింది, కంట్రోల్ రూముకు ఫోన్ చేసింది, చూస్తాం అన్నారు, గంటన్నర నిలబడి వెనక్కి వచ్చింది. ఫోన్ చేసిన టైములు ఈసారి కాగితం మీద రాసుకుంది. కంప్యూటర్ తెరిచింది. నాలుగో గడి నొక్కితే చాలదు. ప్రతి పేరుకూ విడిగా కారణం టైపు చేయాలి, కాపీ చేయనివ్వదు. ఎవరు పెట్టారో గాని గట్టిగానే పెట్టారు. లొరేన్ పోగా ముప్పై ఏడు మంది. ఒక్కొక్కరికీ తోడు గార్డు లేరని, ఎన్నిసార్లు అడిగిందీ రాస్తూ పోయింది. డ్యూటీ టైము దాటిపోయింది. పేర్లన్నీ ఎలాగూ ఎర్రగానే ఉన్నాయి. నాలుగో గడికి ఆకుపచ్చ రంగు ఎవరూ పెట్టలేదు.

ఎర్రగా ఉన్న ఆ వరసను ఆమె కాసేపు చూసింది. గుంటూరు ట్యూటరమ్మ చూస్తే ఏమనేదో.

జితేందర్ ఫోన్ చేశాడు. కుక్కర్ పెట్టిన, ఎక్కడున్నవే, ఇంక ఎంతసేపు, అన్నాడు.

"నువ్వు తినెయ్యి," అంది వసుమతి. "ఇంకా పంతొమ్మిది మంది ఉన్నారు."